సెకనుకు ఒక ఎంబీ, వంద శాతం బిజీ

నా డెస్క్‌టాప్ నన్ను మోసం చేస్తోందని చాలాకాలం నాకు అనుమానం. ఆన్ చేసి, పాస్‌వర్డ్ కొట్టి, బ్రౌజర్ మీద క్లిక్ చేసి కూర్చుంటే ఏమీ జరిగేది కాదు. మౌస్ పక్కన ఆ నీలం చక్రం అలా తిరుగుతూనే ఉండేది. ఒకరోజు విసుగొచ్చి టాస్క్ మేనేజర్ తెరిచాను. ప్రాసెసర్ 6 శాతం. ర్యామ్ దాదాపు సగం ఖాళీ. డిస్కు మాత్రం 100 శాతం. సరే, ఏదో బరువైన పనిలో ఉంది కాబోలు అనుకుని దాని వేగం ఎంతో చూశాను. సెకనుకు 0.9 ఎంబీ.

పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు అదే డిస్కు సెకనుకు 150 ఎంబీ ఇవ్వడం నా కళ్లతో చూశాను. అలాంటిది ఊపిరి సలపనంత పనిలో ఉన్నానంటూ ఒక్క ఎంబీ కూడా ఇవ్వకపోవడమేమిటి? కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేననుకున్నాను. కానీ ఆ కొండ ఎక్కడుందో అప్పటికి నాకు తెలియదు.

ఆ అంకె అర్థం కావడానికి ఏళ్లు పట్టింది. అర్థమయ్యాక చేయాల్సిన పనికి ఒక పూట పట్టింది. అందుకే ఈ వ్యాసం. నా వాదన చిన్నదే: పదేళ్ల నాటి డెస్క్‌టాప్ నెమ్మదించిందని పక్కన పడేసే ముందు దాని బూట్ డ్రైవ్, అంటే విండోస్ ఉండే డిస్కు, మార్చండి. మామూలు ఎస్ఎస్‌డీ, అంటే కదిలే భాగాలు లేకుండా మెమరీ చిప్‌లతో నడిచే డ్రైవు, చాలు. అట్టపెట్టె మీద సెకనుకు వేల ఎంబీలని రాసి ఉన్నది మీకు అక్కర్లేదు. ఈ రెండో మాటకే ఎక్కువమంది ఒప్పుకోరు, మా మేనల్లుడితో సహా.

ముందు నా మిషన్ సంగతి. 2012లో విడిభాగాలు తెచ్చి కూర్చుకున్నది. మూడో తరం కోర్ ఐ5, నాలుగు కోర్లు, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 7200 చుట్లు తిరిగే 1 టీబీ హార్డ్ డిస్కు. ఆ రోజుల్లో దానికి వంక పెట్టేవాళ్లు లేరు. రెండేళ్లకు నెమ్మదించడం మొదలైంది. అందరూ చేసేదే నేనూ చేశాను. ఫార్మాట్ కొట్టాను. నెల రోజులు హాయిగా నడిచి మళ్లీ మామూలైంది. ర్యామ్ 8 జీబీకి పెంచాను. కొంచెం మేలు చేసింది, అంతే. స్టార్టప్‌లో ఉన్నవన్నీ పీకేశాను. రిజిస్ట్రీ శుభ్రం చేస్తామనే సాఫ్ట్‌వేర్లు రెండు వాడి, తర్వాత వాటినే శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది. ప్రతి ఆదివారం డీఫ్రాగ్, అంటే చెల్లాచెదురైన ఫైళ్ల ముక్కల్ని డిస్కు మీద ఒకచోట సర్దడం. (విండోస్ 98 కాలంలో డీఫ్రాగ్ నడుస్తుంటే రంగురంగుల గళ్లు ఒక్కొక్కటే సర్దుకునేవి. అది చూస్తూ గంటలు గడిపినవాళ్లు నాకు చాలామంది తెలుసు. అంత తృప్తినిచ్చిన పని కంప్యూటర్‌లో మళ్లీ రాలేదు.) ఇన్ని చేసినా అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే ఉండేది. నాలుగు కోర్లున్నాయి, ర్యామ్ ఉంది, పని మాత్రం కదలదు.

ఇప్పుడు ఆ 0.9 సంగతి చూద్దాం. హార్డ్ డిస్కు లోపల ఒక పళ్లెం తిరుగుతూ ఉంటుంది. దాని మీద ఒక చిన్న తల అటూ ఇటూ జరుగుతూ చదువుతుంది. నిమిషానికి 7200 చుట్లంటే ఒక్క చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క తల కిందికి రావాలంటే సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైచిలుకు ఆగాలి. అంతకంటే ముందు తల సరైన వలయం మీదికి జరగాలి. దానికి ఇంకో 8, 9. మొత్తం 13 మిల్లీసెకన్లనుకుందాం. ఈ లెక్కన సెకనులో అలాంటి ప్రయాణాలు 75 లేదా ఆ చుట్టుపక్కల కుదురుతాయి. విండోస్ అడిగే ముక్కల్లో చాలావరకు చిన్నవి, 4 కేబీ లాంటివి. 75ను 4తో గుణిస్తే 300 కేబీ. మధ్యలో కొన్ని పెద్ద ముక్కలు తగిలితే 0.9 ఎంబీ అవుతుంది.

అంటే డిస్కు అబద్ధమాడలేదు. అది నిజంగానే వంద శాతం పనిలో ఉంది. ఆ పనంతా నడకే. సరుకు మోసేది గుప్పెడు, దాని కోసం తిరిగేది ఊరంతా. పెద్ద సినిమా ఫైలు కాపీ చేసేటప్పుడు ముక్కలన్నీ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నడవాల్సిన పని లేదు, 150 వస్తుంది. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు, బ్రౌజర్ తెరిచేటప్పుడు, అప్‌డేట్ ఎక్కేటప్పుడు కావాల్సింది వేలకొద్దీ చిన్న ముక్కలు, తలా ఒక మూల. పది వేల చోట్లకు వెళ్లాలనుకోండి, ఒక్కోచోటికి 13 మిల్లీసెకన్లంటే 130 సెకన్లు. రెండు నిమిషాల పైమాట. యాంటీవైరస్ కూడా అదే సమయంలో తన స్కాన్ మొదలుపెడితే తల రెండు పనుల మధ్య ఉయ్యాల ఊగుతుంది.

ఐబీఎం 1956లో తెచ్చిన ర్యామాక్‌తో హార్డ్ డిస్కుల చరిత్ర మొదలైంది. అందులో 24 అంగుళాల పళ్లేలు 50. మొత్తం కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు, ఇప్పటి లెక్కలో 3.75 ఎంబీ. ఏదైనా ఒక చోటికి చేరడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. నా 1 టీబీ డిస్కు దానికంటే రెండున్నర లక్షల రెట్లకు పైగా పెద్దది. చేరుకునే సమయం మాత్రం యాభై రెట్లు కూడా తగ్గలేదు. లోహపు చేయి ఒకటి కదలాలి, పళ్లెం ఒకటి తిరగాలి. అక్కడ ఇంజనీర్లు ఎంత తెలివైనవాళ్లైనా ఒక హద్దు దాటి చేయగలిగింది లేదు. ఈలోగా 3 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ ఒక్క కోరుకు ఆ 13 మిల్లీసెకన్లలో దాదాపు 4 కోట్ల టిక్కులు గడిచిపోతాయి. ఎద్దు ఎండకు, దున్న నీడకు లాగుతుందంటారే, ఆ రెంటినీ ఒకే కాడికి కట్టి బండి ఎందుకు నడవడం లేదని నేను నాలుగేళ్లు బండినే తిట్టాను.

ఇంత తెలిసిన మనిషివి మరి ముందే ఎస్ఎస్‌డీ ఎందుకు పెట్టుకోలేదని అడగవచ్చు. మామూలు వాడుకరుల కోసం ఎస్ఎస్‌డీలు 2008 ప్రాంతం నుంచే మార్కెట్లో ఉన్నాయి. నిజం చెప్పాలంటే నేను వాటికి వ్యతిరేకిని. రాస్తే అరిగిపోయే వస్తువు మీద నా ఫైళ్లు పెట్టడమా అని వాదించేవాణ్ణి. ఆ మాటలో అబద్ధం లేదు. ఫ్లాష్ మెమరీ 1980ల్లో తోషిబాలో ఫుజియో మసువోకా బృందం తెచ్చింది. ఇప్పుడు ఎస్ఎస్‌డీల్లో ఉండే నాండ్ రకం 1987 నాటిది. ఒక పెద్ద బ్లాకంతా ఒక్కసారిగా చెరిగిపోవడం చూసి ఒక సహోద్యోగికి కెమెరా ఫ్లాష్ గుర్తొచ్చి ఆ పేరు సూచించారట. ఆ చెరపడంలోనే ఉంది తిరకాసు. రాసేటప్పుడు చిన్న పేజీలుగా రాయవచ్చు. చెరపాలంటే మాత్రం బ్లాకు మొత్తం చెరపాలి. చెరిపిన ప్రతిసారీ అందులోని మెమరీ గళ్ల ఆయుష్షు కొంచెం తగ్గుతుంది. నా భయానికి ఆధారం ఉంది. ఎంత అన్నది మాత్రం నేను ఎప్పుడూ లెక్కేయలేదు.

2018లో వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు నా కంప్యూటర్ ఆన్ చేసి, అది తెరుచుకునేలోపు స్నానం చేసి వచ్చాడు. 'మావయ్యా, ఇంకా దీనిమీదే పని చేస్తున్నావా? నాకైతే పిచ్చెక్కుతుంది' అన్నాడు. పరువు పోయింది. వారం తిరక్కుండా 250 జీబీ సాటా (హార్డ్ డిస్కులు తగిలించే మామూలు కేబుల్ రకం) ఎస్ఎస్‌డీ ఒకటి తెచ్చాను.

అది చేతిలోకి తీసుకోగానే మొదట తట్టింది: ఇంత తేలికగా ఉందేమిటి, లోపల ఏమైనా ఉందా అని. హార్డ్ డిస్కు చేతిలో పెట్టుకుంటే ఇటుకలా ఉంటుంది. ఇది రెండున్నర అంగుళాల రకం పలుచని డబ్బీ. నా క్యాబినెట్‌లో ఉన్నవన్నీ మూడున్నర అంగుళాల అరలు. వాటికి సరిపడా బ్రాకెట్ దొరుకుతుంది, కానీ నాకు ఆగే ఓపిక లేక రెండు వైపులా అంటుకునే టేపుతో గోడకు అతికించాను. లోపల కదిలేదేమీ లేదు కాబట్టి అడ్డంగా ఉన్నా, నిలువుగా ఉన్నా, తలకిందులుగా ఉన్నా దానికి పట్టదు. ఇప్పటికీ ఆ టేపు మీదే ఉంది.

పవర్ కేబుల్, డేటా కేబుల్, రెండే. డెస్క్‌టాప్ అంటే నాకిష్టం ఇందుకే. ఒక స్క్రూ డ్రైవర్ ఉంటే చాలు, సొంతదారు లోపలికి చూడవచ్చు. లాప్‌టాప్‌లలో కొన్నిటికి స్టోరేజీ బోర్డుకే అతికించి వస్తోంది. అది నెమ్మదించినా, చచ్చినా మిషన్ మొత్తం మార్చుకోవాల్సిందే. డెస్క్‌టాప్ పాతకాలపు వస్తువని నవ్వేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. (క్యాబినెట్‌నే సీపీయూ అని పిలిచే అలవాటును సరిదిద్దాలని ఒకప్పుడు చాలా ప్రయత్నించాను. ఇప్పుడు నేనూ అలాగే అంటున్నాను.)

ఇక్కడ మొదటి గొడవ. పాత డిస్కులో ఉన్న విండోస్‌ను యథాతథంగా క్లోన్ చేసి ఎస్ఎస్‌డీ మీదికి ఎక్కించాలా, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలా? మేనల్లుడు క్లోన్ అన్నాడు. 'ఒక గంటలో అయిపోతుంది, నీ ఐకాన్లు కూడా ఎక్కడున్నవి అక్కడే ఉంటాయి.' నాది కొత్త ఇన్‌స్టలేషన్ పక్షం, ఇప్పటికీ అదే. నా సీ డ్రైవ్‌లో 400 జీబీ ఉంది, కొత్తది 250. ఎలాగూ సగం ఏరి పారేయాలి. ఏరేటప్పుడు తెలిసింది, అందులో ఏడేళ్ల నాటి ప్రింటర్ డ్రైవర్లు, ఎప్పుడో తీసేసిన ఆటల మిగుళ్లు, ఒకే ఫోల్డర్‌కు నాలుగు కాపీలు ఉన్నాయని. ఇల్లు మారేటప్పుడు చెత్తబుట్టను కూడా లారీ ఎక్కించడమెందుకు? అయితే పాత సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు ఉండి, దాని ఇన్‌స్టాలర్ పోగొట్టుకున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకు క్లోన్ తప్ప దారి లేదు.

మొదలుపెట్టే ముందు బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి డిస్కు మోడ్ చూసుకోవాలి. పాత బోర్డుల్లో కొన్నిటికి అది ఐడీఈ అనే పాత పద్ధతి మీద ఉంటుంది, ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతి మీద ఉండాలి. విండోస్ ఎక్కించాక మారిస్తే నీలం తెర పలకరిస్తుంది. ఇది ముందే చదివి ఉన్నాను కాబట్టి తప్పించుకున్నాను. చదవనివి రెండు ఉన్నాయి. ఆ రెండింటిలోనూ పడ్డాను.

ఆ రోజు సాయంత్రం కంప్యూటర్ ఆన్ చేస్తే, కుర్చీ దగ్గరికి లాక్కునేలోపు డెస్క్‌టాప్ వచ్చేసింది. నేను నమ్మక మళ్లీ రీస్టార్ట్ చేశాను. మళ్లీ చేశాను. మా ఆవిడ వచ్చి 'పాడైందా?' అని అడిగింది.

ఎస్ఎస్‌డీల గురించి రాసేవాళ్లంతా ఇక్కడ ఆగిపోతారు, ఆన్ అవడానికి ఇన్ని సెకన్లు పట్టిందని వీడియో తీసి పెడతారు. నాకు ఆ లెక్క ఆనదు. రోజుకు ఒకసారి ఆన్ చేసేదానికి రెండు నిమిషాలు మిగిలితే ఏమిటి, మిగలకపోతే ఏమిటి? మారింది అది కాదు. అంతకుముందు నేను అప్‌డేట్లను వాయిదా వేసేవాణ్ణి, నెలల తరబడి. రీస్టార్ట్ అంటే అరగంట పోయినట్టే కాబట్టి. భద్రతకు సంబంధించిన అప్‌డేట్లు కూడా అలాగే మూలన పడి ఉండేవి. బ్రౌజర్‌లో నలభై ట్యాబ్‌లు తెరిచి ఉంచేవాణ్ణి, మూస్తే మళ్లీ తెరవడానికి భయం. ఒక చిన్న లెక్క చూసుకోవాలంటే ఎక్సెల్ తెరిచే బదులు కాగితం మీద వేసుకునేవాణ్ణి. ఇవన్నీ నా స్వభావమని అనుకున్నాను. నెల తిరిగేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఎదురుచూడాల్సి వచ్చే ప్రతిచోటా మనిషి ఒక అడ్డదారి కనిపెడతాడు. కొన్నాళ్లకు ఆ అడ్డదారే తన పద్ధతి అనుకుంటాడు. ఎస్ఎస్‌డీ వల్ల మిగిలిన సెకన్లు ఎన్నని అడిగితే చెప్పలేను గానీ, పోయిన అడ్డదారులు ఏవని అడిగితే జాబితా ఇవ్వగలను.

ఇక రెండు తప్పుల సంగతి. మొదటిది నా వాదనకు దొరికిన అసలు సాక్ష్యం, నేను కావాలని చేసింది కాకపోయినా.

పదకొండు నెలల తర్వాత ఊరికే సరదాకు వేగం కొలిచే సాఫ్ట్‌వేర్ ఒకటి నడిపాను. పెట్టె మీద రాసింది సెకనుకు 550 ఎంబీ. నాకు వచ్చింది 270. గుండె గుభేలుమంది. అప్పుడే అరిగిపోయిందా? నేను అన్నట్టే అయిందా? క్యాబినెట్ తెరిచి మదర్‌బోర్డు పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆ బోర్డు మీద ఆరు సాటా పోర్టులు. రెండు మాత్రమే సాటా 3, అంటే సెకనుకు 6 గిగాబిట్లు, ఆచరణలో 550 ఎంబీ. మిగతా నాలుగూ సాటా 2, సరిగ్గా అందులో సగం. వేగం పోర్టులో పాత హార్డ్ డిస్కు దర్జాగా కూర్చుని ఉంది. జీవితంలో 150 దాటని డిస్కు. ఎస్ఎస్‌డీని నేనే నెమ్మది పోర్టుకు తగిలించాను.

కేబుల్ మార్చాను. కొలిస్తే 545. వాడుకలో తేడా? ఏమీ లేదు. నేను చెప్పేది అతిశయోక్తి కాదు, నిజంగా ఏమీ లేదు. పదకొండు నెలలు సగం వేగంతో నడిచిన వస్తువు నా కళ్లకు అద్భుతంగా కనిపించింది. వేగం రెట్టింపైన రోజున అదే అద్భుతం, అణువంత కూడా పెరగలేదు.

కారణం మళ్లీ ఆ నడకే. మామూలు సాటా ఎస్ఎస్‌డీకి ఏ మూలనున్న ముక్కనైనా తేవడానికి పట్టేది 0.1 మిల్లీసెకను, అంతకంటే తక్కువ కూడా. ఒకటి అయ్యాక ఒకటి అడుగుతూ పోతే సెకనుకు పదివేలు. నాలుగేసి కేబీలంటే 40 ఎంబీ. ఈ 40కి సాటా 2 గొట్టం చాలా వెడల్పు, సాటా 3 గొట్టం ఇంకా వెడల్పు. గొట్టం వెడల్పు మనకు అడ్డమే కాలేదు.

ఇప్పుడు ఎన్‌వీఎంఈ దగ్గరికి, అంటే సాటా కేబుల్ లేకుండా మదర్‌బోర్డు పీసీఐఈ దారి మీద నేరుగా నడిచే కొత్త రకం ఎస్ఎస్‌డీల దగ్గరికి వద్దాం. మేనల్లుడితో నా వాదన ఇప్పటికీ తెగలేదు. 'సాటా అంటే పాతది మావయ్యా, ఇప్పుడు ఏడువేలు ఇస్తున్నాయి' అంటాడు. నిజమే, పీసీఐఈ 4.0 మీద నడిచే మంచి ఎన్‌వీఎంఈ డ్రైవు సెకనుకు 7000 ఎంబీ చదువుతుంది. సాటాకు 13 రెట్లు. అది పెద్ద ఫైలును వరసగా చదివే లెక్క. అదే డ్రైవును 4 కేబీ ముక్కలు ఒక్కొక్కటిగా అడిగి చూడండి, 60, 70, మహా అయితే 80 ఎంబీ ఇస్తుంది. సాటాకు 40. హార్డ్ డిస్కుకు 0.3. ఈ మూడు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు. హార్డ్ డిస్కు నుంచి సాటా ఎస్ఎస్‌డీకి మారడం ఏరు దాటడం. అక్కడి నుంచి ఎన్‌వీఎంఈకి మారడం ఒడ్డుకు చేరాక రెండడుగులు ముందుకు వేయడం.

రోజూ వందల జీబీల వీడియోలు అటూ ఇటూ మార్చేవాళ్లకు ఆ 7000 నిజంగా పనికొస్తుంది. వాళ్లను కాదనను. కొత్త బోర్డు కొనుక్కునేవాళ్లు కూడా బోర్డు మీదే ఉండే ఎం.2 స్లాట్‌లో ఎన్‌వీఎంఈ పెట్టేసుకోవచ్చు, కేబుళ్ల గొడవ ఉండదు. నేను మాట్లాడేది పాత డెస్క్‌టాప్ ముందు కూర్చుని, ఎం.2 స్లాట్ లేదే అని దిగులుపడేవాళ్లతో. 2014కు ముందు నాటి బోర్డులు చాలావరకు ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కూడా అవ్వవు. దాని కోసం అడాప్టర్ కార్డులు, మార్చిన బయాస్‌లు వెతుక్కోవడం సరదా అయితే చేయండి. అవసరమని మాత్రం అనుకోకండి.

రెండో తప్పు బయటపడటానికి మూడేళ్లు పట్టింది. 2021లో దుమ్ము దులుపుదామని క్యాబినెట్ తెరిచాను. పాత హార్డ్ డిస్కు అందులోనే ఉంచాను కదా, ఫొటోలు, వీడియోల కోసం. శుభ్రం చేసి మూసేటప్పుడు దాని కేబుల్ తిరిగి పెట్టడం మర్చిపోయాను. ఆన్ చేస్తే నల్ల తెర మీద ఒకే వాక్యం: 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్', అంటే ఆన్ కావడానికి సరైన డిస్కు దొరకలేదని. విండోస్ ఉన్నది ఎస్ఎస్‌డీలో. పీకింది ఫొటోల డిస్కు. మరి ఇదేమిటి?

జరిగింది ఇది. మూడేళ్ల కిందట విండోస్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రెండు డిస్కులూ తగిలించే ఉంచాను. పాత డిస్కులో అప్పటికే ఒక చిన్న బూట్ పార్టిషన్ (కంప్యూటర్ ఆన్ కావడానికి కావాల్సిన ఫైళ్లుండే భాగం) ఉంది. ఇన్‌స్టాలర్ దాన్ని చూసి, మళ్లీ కొత్తది ఎందుకులే అని బూట్ ఫైళ్లను అందులోనే రాసేసింది. విండోస్ అంతా కొత్త ఇంట్లో, తాళంచెవి పాత ఇంట్లో. ఆ ఫైళ్లు చాలా చిన్నవి కాబట్టి వేగంలో తేడా తెలియలేదు, మూడేళ్లు ఆ గుట్టు గుట్టుగానే ఉంది. ఆ పాత డిస్కు నిజంగానే చచ్చిపోయి ఉంటే, ఎస్ఎస్‌డీయే పోయిందని నేను ఒట్టేసి చెప్పేవాణ్ణి. చివరికి పాత డిస్కు పక్కన పెట్టి, ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌తో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఎస్ఎస్‌డీ పార్టిషన్‌ను యాక్టివ్ చేసి, బీసీడీబూట్ అనే కమాండుతో బూట్ ఫైళ్లను అక్కడే రాయించాను. పావుగంట పని, దాన్ని కనిపెట్టడానికి ఒక రాత్రి. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి: ఎస్ఎస్‌డీ మీద విండోస్ ఎక్కించేటప్పుడు మిగతా డిస్కులన్నిటి కేబుళ్లు పీకేయండి. అయ్యాక తగిలించుకోవచ్చు. పైగా తప్పు డిస్కును ఫార్మాట్ చేసే ప్రమాదం కూడా తప్పుతుంది.

పాత డిస్కును ఉంచుకోవడంలో ఇంకో చిన్న చిరాకుంది. విండోస్ అలవాటు ప్రకారం 20 నిమిషాలు వాడకపోతే ఆ డిస్కును నిద్రపుచ్చుతుంది. తర్వాత మీరు ఏదో చిన్న ఫైలు సేవ్ చేద్దామని కిటికీ తెరిస్తే, అది సీ డ్రైవ్‌లోకే అయినా సరే, మొత్తం ఆగిపోతుంది. క్యాబినెట్ లోపల నుంచి ఒక మూలుగు వినిపిస్తుంది, పళ్లెం వేగం అందుకుంటుంది, అప్పుడు గానీ కిటికీ కదలదు. ఎస్ఎస్‌డీ పెట్టినా ఇదేంటని చాలామంది విసుక్కునేది దీన్నే. పవర్ సెట్టింగుల్లో ఆ నిద్రను తీసేస్తే సరి.

అరుగుదల సంగతి తేల్చకపోతే నా పాత వాదనకు అన్యాయం చేసినట్టే. మొదట్లో నేను ఆ భయంతో చేయని పని లేదు. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్కు మీద వాడే చోటు) ఆపేశాను, హైబర్నేషన్ (ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద దాచి ఆగిపోవడం) ఆపేశాను, టెంపరరీ ఫోల్డర్లను పాత డిస్కుకు మార్చాను. అంటే వేగం కోసం తెచ్చిన వస్తువును వాడకుండా దాచుకున్నాను. ఆరేళ్ల తర్వాత డ్రైవు ఆరోగ్యం చూపే స్మార్ట్ లెక్కలు తీశాను. అప్పటిదాకా రాసింది మొత్తం 26 టీబీ. ఆ సైజు డ్రైవుకు కంపెనీ హామీ 150 టీబీ. ఇదే జోరున రాస్తే హామీ అయిపోవడానికి ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు కావాలి. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఆ రోజే మళ్లీ పెట్టుకున్నాను. డీఫ్రాగ్ ఒక్కటే మానేయాలి, ముక్కలు ఎక్కడున్నా ఒకటే అయినప్పుడు సర్దడం దండగ. విండోస్ ఎస్ఎస్‌డీని గుర్తుపట్టి దాని బదులు ట్రిమ్ పంపుతుంది, ఫలానా గళ్లు ఖాళీ అయ్యాయి చెరుపుకోవచ్చని డ్రైవుకు చెప్పడం.

ఆ ట్రిమ్ వల్లే ఒక నష్టం కూడా ఉంది. హార్డ్ డిస్కులో పొరపాటున చెరిపిన ఫోల్డర్‌ను ఒకసారి రికవరీ సాఫ్ట్‌వేర్‌తో వెనక్కి తెచ్చుకున్నాను. ఎస్ఎస్‌డీలో ఆ ఆశ దాదాపు లేదు. ఇంకొకటి, హార్డ్ డిస్కు పోయే ముందు చాలాసార్లు టకటకమని చెప్పి పోతుంది. ఎస్ఎస్‌డీ అరిగి పోయేది తక్కువ, లోపల దాన్ని నడిపించే కంట్రోలర్ చిప్ పోయి ఒక ఉదయం కనిపించకుండా పోయేది ఎక్కువ. ఫైళ్లకు రెండో కాపీ ఎక్కడో ఒకచోట లేనివాళ్లు ఎస్ఎస్‌డీ తగిలించే ముందే ఆ పని చూసుకోవాలి.

ఎస్ఎస్‌డీ చేయలేనివి కూడా చెప్పాలి కదా. ర్యామ్ 2 జీబీయే ఉంటే ముందు ర్యామ్ పెంచండి. వీడియో ఎడిట్ చేసి ఎగుమతి చేసే సమయం పెద్దగా తగ్గదు, అది ప్రాసెసర్ పని. ఆటల్లో బొమ్మ త్వరగా లోడ్ అవుతుంది, ఆట వేగం పెరగదు. నా ప్రాసెసర్‌లో హెచ్ఈవీసీ, వీపీ9 లాంటి కొత్త వీడియో రకాలను విప్పే హార్డ్‌వేర్ లేదు. 4కే వీడియో పెడితే నాలుగు కోర్లూ రొప్పుతాయి, ఫ్యాన్ విమానంలా మోగుతుంది. దానికి ఏ డ్రైవూ మందు కాదు.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మేనల్లుడిదే. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి, ప్రాసెసర్ దాదాపు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. నాది మూడో తరం. 'ఇప్పుడేం చేస్తావు?' అన్నాడు, గెలిచిన మొహంతో. ఇది నిజంగా పాత డెస్క్‌టాప్‌లకు దెబ్బే, దీన్ని నేను తక్కువ చేయను. విండోస్‌లో మాత్రమే నడిచే సాఫ్ట్‌వేర్ మీద బతికేవాళ్లకు నా సలహా సగమే పనికొస్తుంది. నేను విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే వేరే ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించుకున్నాను. బ్రౌజర్, లెక్కలు, రాతలు, ఫొటోలు, నాకు కావాల్సినవి ఇవే. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగేసిందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతమే. ఆ కుప్పలో చేరకుండా నా మిషన్‌ను, హార్డ్ డిస్కుతోనే ఉండి ఉంటే, లైనక్స్ కూడా పెద్దగా కాపాడేది కాదనుకుంటాను. నడక ఏ ఓఎస్‌కైనా నడకే.

పోయిన వారం స్మార్ట్ లెక్కల్లో పాత హార్డ్ డిస్కు పేరు పక్కన కొత్త అంకె కనిపించింది. చదవలేక పక్కన పెట్టిన సెక్టార్లు 8. పన్నెండేళ్లు దాటిన డిస్కు, ఇక దాన్ని నమ్మకూడదు. అందుకే ఇది రాస్తూ వెనక దాని సరుకంతా వేరే డిస్కుకు కాపీ పెట్టాను. గంట సేపు పెద్ద వీడియోలు పోయాయి, సెకనుకు 140 ఎంబీ, ఈ వయసులో కూడా ఎక్కడా తడబడలేదు. ఇప్పుడే పాత బ్రౌజర్ బ్యాకప్ ఫోల్డర్ మొదలైంది. అరవై వేల చిన్న ఫైళ్లు. అంకె 1.1కి పడిపోయింది, టకటకమని తల తిరగడం ఇక్కడికి వినిపిస్తోంది.